‘నొప్పి సూది’ అంటే చాలదు, పేరు అడుగుదాం

పోయిన సంక్రాంతి దాటాక హోసూరు పక్కపల్లెలో మన సంఘం సభ్యుల ఇంట ఒక ఆవు చనిపోయింది. ఈని ఇరవై రోజులైంది. పూటకు ఆరేడు లీటర్లు ఇచ్చే ఆవు. పొదుగు వాచి, ముట్టుకుంటే కాలు విసిరేది. రాత్రి పొద్దుపోయాక మోటారుసైకిల్ మీద వచ్చే ఆయన్ని పిలిచారు. ఆయన చదువుకున్న డాక్టరు కాదు, ఊరికి అలవాటైన మనిషి. సూది వేశాడు, ఆవు కాస్త తేరుకున్నట్టు కనిపించింది, పొద్దున మేత కూడా ముట్టింది. మూడో రోజుకు పడిపోయింది. కళేబరాన్ని ట్రాక్టరుకు కట్టి ఎండిన చెరువు గట్టు మీద పడేశారు.

పలకరించడానికి వెళ్ళినప్పుడు మేము అడిగిన మాట ఒకటే. “ఏం సూది వేశాడమ్మా?”

“నొప్పి సూది అన్నాడు పెదనాయనా.”

పేరు ఎవరికీ తెలియదు. సీసా దాచలేదు, చీటీ లేదు. ఆవు సూది వల్ల చనిపోయిందని మేము అనడం లేదు. పొదుగువాపు ముదిరితే ఆవులు చనిపోతాయి, అది అందరికీ తెలిసిందే. కానీ ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసిన అలవాటు కొద్దీ మాకు ఒకటి పట్టింది. ఆ ఇంట్లో పాలసొసైటీ చీటీలన్నీ తేదీల వారీగా ఉన్నాయి. కరెంటు బిల్లులున్నాయి. ఇంటికి తిండి పెట్టే ఆవు ఒంట్లోకి వెళ్ళిన మందు పేరు మాత్రం ఎక్కడా లేదు. ఈ వ్యాసం ఆ పేరు గురించే.

నొప్పి ఉన్నది నిజం

ముందుగా ఒక మాట. గొడ్లకు నొప్పి మందు వేయించడం తప్పు అని ఎవరైనా అంటే నమ్మకండి. వేయించాలి. మన పెద్దలు “నోరులేని జీవి” అన్నారు కదా, అది నిజం. ఆవు, ఎనుము నొప్పిని దాచుకునే జాతి. మందలో బలహీనంగా కనబడినదాన్నే పులి పట్టుకుంటుంది కాబట్టి దాచుకోవడం వాటి రక్తంలో ఉంది. అరిచి గోల చేస్తేనే నొప్పి అనుకుంటే మనం పొరబడ్డట్టే.

గమనించేవారికి గుర్తులు ఉన్నాయి. నెమరు తగ్గుతుంది. పళ్ళు కొరుకుతుంది. మందకు ఎడంగా, వీపు వంచి నిలబడుతుంది. చెవులు వేలాడేస్తుంది. పొదుగు కడగబోతే కాలు ఎత్తుతుంది. పాలు పడిపోతాయి. పొదుగువాపు, గాలికుంటు, గిట్టల పుండ్లు, కష్టమైన ఈత, ముద్దచర్మ వ్యాధి, కొమ్ము క్యాన్సర్ — వీటన్నిటిలోనూ నొప్పి ఉంది. నొప్పి ఉన్న ఆవు మేయదు, మేయని ఆవు రోగంతో పోరాడలేదు. న్యూజిలాండ్ పాడి మందల్లో జరిపిన పరిశీలనలో, పొదుగువాపుకు యాంటిబయాటిక్‌తో పాటు మెలాక్సికామ్ అనే నొప్పి మందు కూడా ఇచ్చిన ఆవుల్లో, మందలో నుంచి తీసేయాల్సి వచ్చినవి తగ్గాయి. అంటే నొప్పి తగ్గించడం దయ మాత్రమే కాదు, లెక్క ప్రకారం చూసినా లాభమే.

అయితే నొప్పి మందు రోగాన్ని నయం చేయదు. వాపు, జ్వరం తగ్గిస్తుంది, పశువుకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. అసలు వైద్యం ఆ వ్యవధిలో జరగాలి. మన సభ్యుల ఇంట జరిగినది దీనికి తలకిందులు. నొప్పి తగ్గగానే రోగం పోయిందనుకున్నారు, డాక్టరుకు కబురు పెట్టలేదు, రెండు రోజులు చేజారాయి.

రోగం వల్ల వచ్చే నొప్పి ఒక ఎత్తు, మనం చేతులారా పెట్టే నొప్పి ఇంకో ఎత్తు. కోడెకు విత్తులు నొక్కించడం, దూడకు కొమ్ము మొలకలు కాల్చడం, ముకుతాడుకు ముక్కు కుట్టడం, వాతలు పెట్టడం. నలుగురు పట్టుకుని పడేసి చేయించడమే మనం చూస్తూ వచ్చాం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ఈ పనులకు మినహాయింపు ఇచ్చింది, “నిర్ణీత పద్ధతిలో” చేస్తే నేరం కాదంది. ఆ నిర్ణీత పద్ధతి ఏమిటో మాత్రం చెప్పలేదు. ఆఫీసుల్లో పనిచేసిన వారికి ఇది కొత్త కాదు. ఉత్తర్వు ఉంటుంది, అనుబంధం ఉండదు. ఆ అనుబంధం రావడానికి 63 ఏళ్ళు పట్టింది. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఈ పనులు రిజిస్టర్డ్ వెటర్నరీ డాక్టరు ద్వారానే, మత్తుమందు ఇచ్చి చేయాలంటున్నాయి. కొమ్ము మొదట్లో లిగ్నోకైన్ సూది ఒకటి వేస్తే ఆ చోటు మొద్దుబారుతుంది, దూడ తన్నుకోదు. పెద్ద ఖర్చు కాదు. మన పల్లెల్లో ఎంతమంది అడిగి చేయిస్తున్నారో ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఏ మందు అన్నదే అసలు సంగతి

ఇక్కడే రాబందు కథ వస్తుంది. వడ్డీ వ్యాపారిని తిట్టడానికి మనం రాబందు పేరు వాడతాం గానీ, ఆ పక్షి చేసే మేలు దానికి ముందు గుర్తు రావాలి. చచ్చిన గొడ్డును గంటల్లో ఎముకలు మిగిల్చి ఊరిని శుభ్రం చేసేది అదే. అరవై దాటిన మా వంటి వారు చిన్నప్పుడు ఊరి బయట గుంపులు గుంపులుగా చూశాం. ఇప్పటి పిల్లలకు జటాయువు బొమ్మలో తప్ప తెలియదు.

ఏమైంది? 1990ల్లో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు చౌకగా దొరకడం మొదలై పశువులకు విరివిగా వాడారు. పశువుకు అది బాగానే పనిచేసింది. కానీ ఆ మందు పడ్డ కొద్ది రోజులకే పశువు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతిని అది చనిపోతుంది. ఈ సంగతి 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధనతో బయటపడింది. 1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. ఇంకో లెక్క చూడండి. ఇంత వినాశనానికి కళేబరాలన్నిటిలో మందు ఉండనక్కర్లేదు. నూటికి ఒకటి కన్నా తక్కువ కళేబరాల్లో ఉన్నా చాలునని శాస్త్రవేత్తలు తేల్చారు. “మా ఒక్క ఆవుతో ఏమవుతుంది?” అనే ప్రశ్నకు జవాబు అదే.

నష్టం పక్షితో ఆగలేదు. రాబందు లేని చోట కళేబరం కుళ్ళింది, కుక్కలు పెరిగాయి, నీళ్ళు చెడ్డాయి. ఈయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, రాబందులు పోయిన జిల్లాల్లో 2000 నుంచి 2005 వరకు సుమారు 5 లక్షల మంది మనుషులు అదనంగా చనిపోయారని అంచనా కట్టారు. గొడ్డుకు వేసిన సూది చివరికి మన ఇళ్ళ దాకా వచ్చిందన్నమాట.

ప్రభుత్వం ఏమీ చేయలేదనలేం. వరుసగా చూస్తే ఇలా ఉంది:

2006లో పశువుల డైక్లోఫెనాక్‌ను ఆపమని కేంద్రం ఆదేశించింది, 2008లో గెజెట్‌లో నిషేధించింది. అప్పుడు మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్ళాయి. దాంతో 2015లో మనుషుల సూది మందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదుకే పరిమితం చేశారు. మందుల కంపెనీలు కోర్టుకెక్కితే 2017లో మద్రాసు హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్నే నిలబెట్టింది. 2023 జులైలో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ రెండింటినీ పశువుల వాడకానికి నిషేధించారు. అసెక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, అంటే పాత మందే కొత్త పేరుతో వచ్చినట్టు. 2024 డిసెంబరు చివర్లో నిమెసులైడ్ కూడా ఆ జాబితాలో చేరింది.

మొత్తం నాలుగు పేర్లు: డైక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్, నిమెసులైడ్. ఇవి పశువుకు వేయకూడదు. వీటి బదులు మెలాక్సికామ్ ఉంది. రాబందులకు హాని లేదని పరీక్షించి 2006లోనే చెప్పారు. చవక, అన్నిచోట్లా దొరుకుతుంది. టోల్ఫెనామిక్ ఆసిడ్ కూడా రాబందులకు ప్రమాదం కాదని ఆ తర్వాత తేలింది. కాబట్టి “నొప్పి మందు మానేస్తే గొడ్డు బాధపడదా?” అన్న భయం అక్కర్లేదు. మానేయమని ఎవరూ అనడం లేదు, మార్చమంటున్నారు.

ఇది మనకు దూరపు సంగతి కూడా కాదు. బెంగళూరు పక్కన రామనగరలో రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి నుంచి హోసూరు పక్షి ఎగిరే దారిలో అరవై కిలోమీటర్లు. రాబందు ఒక్క రోజులో వంద కిలోమీటర్లు పైగా తిరుగుతుంది. తమిళనాట మోయారు లోయలో ఇంకా గూళ్ళు కడుతున్నాయి. మహారాష్ట్రలో మనవాళ్ళు తరతరాలుగా ఉన్న సిరొంచా గడ్చిరోలి జిల్లాలోదే. ఆ జిల్లాలో అటవీశాఖ రాబందులకు మందు లేని కళేబరాలు వేసే చోట్లు ఏర్పాటు చేసింది. ప్రాణహిత ఇవతలి ఒడ్డున, తెలంగాణ బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు కట్టాయి. పక్షికి రాష్ట్ర సరిహద్దు లేదు, మన బంధుత్వాలకు లేనట్టే.

మరి ఇంకా ఎందుకు జరుగుతోంది?

ఉత్తర్వులు ఇన్ని ఉన్నా పల్లెలో “నొప్పి సూది” ఎందుకు ఆగదు? రైతును తిట్టి లాభం లేదు. రాత్రి పదింటికి ఆవు పడుకుని లేవకపోతే, పశువైద్యశాల మూసి ఉంటే, చేతికి దొరికిన మనిషినే పిలుస్తాడు. ఆ ఆవు మీద సొసైటీ అప్పు ఉంటుంది, పిల్లల ఫీజు ఉంటుంది. 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరే వైద్యం చేయాలి. చిన్నచిన్న పనులు మాత్రం డాక్టరు పర్యవేక్షణలో ఇతర సిబ్బంది చేయవచ్చు. దేశంలో 2019 లెక్కల ప్రకారం ఆవులు ఎద్దులు 19 కోట్లు, ఎనుములు దాదాపు 11 కోట్లు. పల్లె పల్లెకూ డాక్టరు రాలేడు. ఆ ఖాళీలోకి మోటారుసైకిల్ మనిషి వస్తాడు. ఆయనలోనూ దురుద్దేశం ఉండకపోవచ్చు, తనకు పాతికేళ్ళ కిందట ఎవరో నేర్పిన మందే వేస్తున్నాడు.

మందుల దుకాణం సంగతి ఇంకోటి. మనుషుల డైక్లోఫెనాక్ ఒక్కో సీసాలో ఉండేది 75 మిల్లీగ్రాములు. పెద్ద ఆవుకు ఒక్కసారికే చాలా సీసాలు విరగ్గొట్టాలి. ఎవరైనా పది సీసాలు ఒక్కసారిగా అడిగితే అవి మనిషికి కాదని దుకాణదారుకు తెలియదా? తెలుసు. అడగడు. చీటీ లేకుండా అమ్మేస్తాడు. కాబట్టి తనిఖీ జరగాల్సింది పశువుల కొట్టంలో కాదు, కౌంటరు దగ్గర.

ప్రభుత్వం వైపు నుంచి రెండు దారులు తెరిచి ఉన్నాయి. ఒకటి 1962 నంబరు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఇంటి దగ్గరకు వచ్చే ఏర్పాటు. లక్ష పశువులకు ఒక వాహనం అన్నది కేంద్రం పెట్టుకున్న లెక్క. రెండోది 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పశు ఔషధి. మనుషులకు జన ఔషధి ఉన్నట్టే, పశువులకు చవక జెనరిక్ మందులు కిసాన్ సమృద్ధి కేంద్రాల్లో, సహకార సంఘాల్లో అమ్మాలన్నది ఉద్దేశం. దానికి 75 కోట్లు కేటాయించారు. మెలాక్సికామ్ వంటివి పాలసొసైటీలోనే చవగ్గా దొరికితే ఎవరూ మనుషుల మందుల దుకాణానికి పరుగెత్తరు. ఇది కాగితం మీద ఆగిపోకుండా చూడటం మన సొసైటీ డైరెక్టర్ల పని. వాళ్ళు మన ఓట్లతో గెలిచిన వారే.

మన ఇంటి చిక్కు: అక్షరం

ఇక ప్రత్యేకంగా మనకున్న చిక్కు. మన ఇళ్ళలో అమ్మ, అత్త తెలుగే మాట్లాడతారు. గొడ్ల పని చేసేది చాలావరకు వాళ్ళే. డాక్టరుతో తమిళంలోనో, కన్నడలోనో, ఒరియాలోనో నాలుగు ముక్కలు మాట్లాడి నెట్టుకొస్తారు. సీసా మీద ఇంగ్లీషు. గోడమీది పోస్టరు రాష్ట్ర భాషలో. పిల్లలు రాష్ట్ర భాష చదువుతారు గానీ వాళ్ళు గొడ్ల దగ్గర ఉండరు. ఈ మధ్యలో మందు పేరు జారిపోతుంది, “నొప్పి సూది” మిగులుతుంది.

ఏదైనా జిల్లాలో గానీ తాలూకాలో గానీ జనాభాలో 15 శాతం, అంతకు మించి మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు, నిబంధనలు వెలువరించాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణ ఏర్పాట్లలో ఉంది. ఈ హక్కును మనం బడుల విషయంలో, బోర్డుల విషయంలో అడిగాం, అడుగుతున్నాం. పశువైద్యశాల విషయంలో ఎప్పుడూ అడగలేదు. నాలుగు నిషేధిత మందుల పేర్లు తెలుగు లిపిలో ఒక బోర్డు మీద రాయమని అడగడం పెద్ద కోరిక కాదు. మా సంఘం తరఫున మనవి రాసి పెట్టుకున్నాం. ఇతర తాలూకాల సంఘాలు కూడా తమ పశుసంవర్ధక శాఖ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలని కోరుతున్నాం. రసీదు మరవకండి. రసీదు లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే.

బోర్డు వచ్చేలోపు ఇంట్లో చేయగలిగినవి ఇవి:

1. సూది వేసే ముందు సీసా చేతికి తీసుకుని చూడండి. పశువుల మందు మీద పశువు తల బొమ్మ ఉండాలని రూలు. చదువు రానివారికి కూడా ఆ బొమ్మ కనబడుతుంది. బొమ్మ లేకపోతే అది మనుషుల మందు. వద్దనండి.

2. సీసా మీద పెద్దగా ఉండేది కంపెనీ పెట్టిన పేరు. మందు అసలు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పిల్లల చేత అది చదివించండి, ఫోన్‌లో ఫోటో తీయించండి. రెండు మందులు కలిపినవి కూడా ఉంటాయి, అన్ని పేర్లూ చూడాలి.

3. తేదీ, మందు పేరు, వేసినవారు — ఈ మూడూ పాలసొసైటీ పుస్తకం వెనక పేజీలో రాయండి. ఎన్ని పూటలు పాలు పొయ్యకూడదో డాక్టరును అడిగి అదీ రాయండి.

4. నొప్పి తగ్గిందని ఊరుకోకండి. మర్నాడైనా 1962కు గానీ డాక్టరుకు గానీ చెప్పండి.

5. పేరు తెలియని మందు పడ్డాక పశువు చనిపోతే బయట పడేయకండి. లోతుగా పూడ్చండి.

6. కొమ్ము కాల్చేటప్పుడు, విత్తులు నొక్కేటప్పుడు మత్తు సూది అడగండి. అడిగితే ఎవరూ కాదనరు. అడగకపోతే ఎవరూ వేయరు.

చనిపోయిన ఆవు ఇంట్లో ఇప్పుడు దాని పెయ్యదూడ ఉంది. మొన్న వెళ్ళినప్పుడు చూశాం. కొమ్ము మొలకలు తగులుతున్నాయి. ఆ అమ్మాయి గోడకు వేలాడే క్యాలెండరు చూపించింది. నాలుగు పేర్లు తమిళ అక్షరాల్లో, పక్కన తెలుగులో కూడా రాయించి పెట్టుకుంది. కింద 1962 ఉంది. “ఈసారి డాక్టరు వస్తే లిగ్నోకైన్ అని అడుగుతా పెదనాయనా, పలకడం సరిగ్గా ఉందా?” అంది.

సరిగ్గానే ఉందమ్మా అన్నాం.